ఇంక్యుబేటర్ కంటే ముందు నోటుపుస్తకం కొనండి

పోయిన నెల మా కాలేజీ జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. బీటెక్ అయిపోయి ఏడాదిన్నర. మూడు కంపెనీల్లో చివరి రౌండ్ దాకా వెళ్లి ఆగిపోయాడు. "అన్నా, అసీల్ కోళ్లు పెంచుదామనుకుంటున్నా. ఒకళ్లు వంద పిల్లలు, దాణా, షెడ్డు ప్లాను అన్నీ ఇస్తారట. గుడ్లు కూడా వాళ్లే కొనుక్కుంటారట. రెండు లక్షలు కట్టాలి. నాన్న అప్పు తెస్తానంటున్నారు" అన్నాడు. వాట్సాప్‌లో వాళ్ల బ్రోచర్ పంపాడు. అందులో ఒక అంకె దగ్గర ఆగిపోయాను. ఒక్కో పెట్ట ఏడాదికి 200 గుడ్లు పెడుతుందట!

భీమవరం దగ్గర మా ఊళ్లో, మా పెరట్లో, నాలుగేళ్లుగా అసీల్ కోళ్లున్నాయి. వాటిలో అన్నిటికంటే బాగా పెట్టిన పెట్ట ఏడాది మొత్తం మీద, మూడు విడతల్లో, 38 గుడ్లు పెట్టింది. ఫారాల్లో ఉండే లేయర్ కోడి 300 దాకా పెడుతుంది. దాన్ని గుడ్ల కోసమే తరతరాలుగా ఎంపిక చేస్తూ వచ్చారు. అసీల్ సంగతి వేరు. కొన్ని గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, పిల్లల్ని తిప్పుకుంటూ నెలలు గడిపేస్తుంది. కాబట్టి 200 గుడ్లు పెట్టేది అసీల్ కాదు. నిజంగా అసీలే అయితే, ఆ బ్రోచర్ నిజం కాదు.

దేశవాళీ కోళ్లు పెంచొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. పెంచండి. ఉద్యోగ ప్రయత్నం ఆపకుండా, పెరట్లో, పది పన్నెండు గుడ్లతో, ప్రతిదీ రాసుకుంటూ పెంచండి. అప్పు తెచ్చి, ఎవరో వేసిచ్చిన లెక్క నమ్మి మాత్రం దిగకండి. ఇదే నా వాదన. ఇలా ఎందుకంటున్నానో తెలియాలంటే నా మొదటి విడత గురించి చెప్పాలి.

తెరమీద 37.5, లోపల ఇంకొకటి

నాకూ ఉద్యోగం లేని రోజులవి. ఫైనలియర్ ప్రాజెక్టులో మిగిలిన ఆర్డుయినో బోర్డు, డీహెచ్‌టీ11 సెన్సర్, పాత కంప్యూటర్ ఫ్యాను, రెండు బల్బులు, థర్మకోల్ పెట్టె పెట్టి ఇంక్యుబేటర్ తయారుచేశా. మా నాయనమ్మ అప్పటికే గంపలో వరిగడ్డి పరిచి 11 గుడ్ల మీద పెట్టను కూర్చోబెట్టింది. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు నేనే ఆవిడకు పాఠం చెప్పా. "నాయనమ్మా, నీ కోడికి టెంపరేచర్ ఎంతో తెలుసా? నా మిషన్ పాయింటుతో సహా చెప్తుంది" అని.

కోడిగుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడుతుంది. ఫ్యాను ఉన్న పెట్టెలో ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలవాలి. 18వ రోజు దాకా గుడ్లను రోజుకు కనీసం మూడుసార్లు తిప్పాలి, లేకపోతే పిండం పెంకుకు అతుక్కుపోతుంది. తేమ మొదట్లో 50 శాతం దగ్గర ఉండి, చివరి మూడు రోజులు 65 దాటాలి. ఇవన్నీ చదివే దిగాను. 24 గుడ్లు పెట్టా. తెరమీద ఎప్పుడు చూసినా 37.5 కనిపించేది. నేను కూడా నిశ్చింతగా ఉన్నా.

19వ రోజే పెంకులు పగలడం మొదలైంది. ముందే వస్తున్నాయని సంబరపడ్డా. అది ప్రమాద సూచన అని అప్పటికి తెలియదు. 24లో ఏడే బయటికొచ్చాయి. వాటిలో మూడింటికి బొడ్డు సరిగ్గా మానలేదు, వారంలోపే చనిపోయాయి. మిగిలిన గుడ్లు పగలగొట్టి చూస్తే ఐదింట్లో పిండమే లేదు. పన్నెండింట్లో పిల్లలు రకరకాల దశల్లో ఆగిపోయి ఉన్నాయి. పక్క గదిలో నాయనమ్మ పెట్ట 11 గుడ్లకు 9 పిల్లల్ని లేపింది.

ఆ పన్నెండు పిల్లల్ని పాతిపెడుతుంటే మా నాయనమ్మ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

తప్పు ఎక్కడుందో కనుక్కోవడానికి వారం పట్టింది. జ్వరం చూసుకునే థర్మామీటర్ పెట్టెలో పెడితే సెన్సర్ కంటే దాదాపు ఒక డిగ్రీ ఎక్కువ చూపించింది. డీహెచ్‌టీ11 డేటాషీట్ తీశా. కచ్చితత్వం రెండు డిగ్రీలు అటూ ఇటూ అని అందులో స్పష్టంగా ఉంది. గది ఉష్ణోగ్రత చూపించే ప్రాజెక్టుకు అది చాలు. డిగ్రీ తేడాకు ప్రాణం పోయే చోట పనికిరాదు. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివి, తెరమీద అంకె కనిపిస్తే చాలు నిజమే అనుకున్నా.

రెండో విడతకు అర డిగ్రీ కచ్చితత్వం ఉండే డీహెచ్‌టీ22 కొన్నా. థర్మామీటర్‌తో రోజూ సరిచూశా. కరెంటు పోతే ఆదుకోవడానికి ఇన్వర్టర్‌కు కలిపా. ఈసారి 20 గుడ్లలో 14 పిల్లలయ్యాయి. తర్వాత ఒక ఇంటర్వ్యూలో "మీరు చేసిన పనిలో ఏం తప్పు జరిగింది, ఎలా కనిపెట్టారు?" అని అడిగారు. మొదటిసారి బట్టీపట్టిన జవాబు చెప్పలేదు. తేదీలతో సహా చెప్పగలిగా, ఎందుకంటే అన్నీ రాసి ఉన్నాయి. కోళ్లు పెంచితే ఉద్యోగం వస్తుందని అనను. కానీ మొదటి నుంచి చివరి దాకా మీదే బాధ్యత అయిన పని ఒకటి చేతిలో ఉంటే, మాట్లాడే తీరు మారుతుంది.

జాతికి కావాల్సిందీ ఆ పుస్తకమే

అసీల్ అనే మాట అరబిక్ నుంచి వచ్చింది. స్వచ్ఛమైనది, మూలమైనది అని అర్థం. మనం రోజూ వాడే 'అసలు' కూడా ఆ కుటుంబం మాటే. నిటారైన నిలువు, పొడవైన మెడ, ఒంటికి అతుక్కున్న గట్టి ఈకలు, తల మీద ఒత్తుకుపోయిన చిన్న తురాయి దీని లక్షణాలు. ఆంధ్రప్రదేశ్ దీని సొంత గడ్డల్లో ఒకటి. కానీ మా వైపు కోడి అనగానే సంక్రాంతి బరులే గుర్తొస్తాయి. జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారమే నేరం. పుంజు బరిలో గెలిచిందా లేదా అన్నదే కొలమానమైతే జాతికి ఇంకో నష్టం కూడా ఉంది. గెలుపు కోసం విదేశీ రకాలతో సంకరం చేస్తారు. రంగు చూసి కాకి, డేగ, సేతు అని పేర్లు పెట్టేస్తారు. నల్లగా ఉంటే కాకి, ఎర్రగా ఉంటే డేగ, తెల్లగా ఉంటే సేతు. సంకరం కోడికి కూడా ఆ రంగు రావచ్చు కదా! రంగును బట్టి జాతిని చెప్పలేం.

మరి దేన్ని బట్టి చెప్పాలి? ఏ పెట్టకు, ఏ పుంజుకు, ఏ తేదీన పుట్టిందో రాసి ఉంటే దాన్ని బట్టి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ అసీల్‌ను సంరక్షిస్తోంది. కానీ ఒక్క సంస్థ ఆవరణలో ఉంటే జాతి బతికినట్టు కాదు, ఊళ్లలో ఉండాలి. నాకు తెలిసిన పెంపకందారులు పుంజు వంశం మూడు తరాలు గడగడా చెప్తారు. పెట్టల వివరం అడిగితే చాలామంది తడుముకుంటారు. పిల్లలో సగం పెట్టదే కదా! స్ప్రెడ్‌షీట్ నింపడం వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఈ లోటు తీర్చగలరు.

మొదలుపెట్టేవాళ్లకు

ముందు పది పన్నెండు గుడ్లు చాలు. వారం లోపు పెట్టినవే తీసుకోండి, కడగొద్దు. ఏడో రోజు చీకట్లో ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూస్తే సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపించాలి. ఖాళీగా ఉన్నవి తీసేయండి, అంకె రాసుకోండి. పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. కొక్కెర తెగులు రాకుండా మొదటి వారంలోనే లసోటా టీకా వేయించాలి. ఆ తర్వాతి టీకాల పట్టిక మీ పశువుల ఆసుపత్రిలో అడగండి. ప్రతి పిల్ల కాలికి నంబరు రింగు వేయండి. అసీల్ పుంజులు మూడు నాలుగు నెలలకే కొట్టుకోవడం మొదలెడతాయి, విడివిడిగా ఉంచే చోటు ముందే చూసుకోండి. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు ఈ ఆలోచన మానుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి పుంజు కూస్తే పక్కింటివాళ్లు ఊరుకోరు.

ఏడాది గడిచాక మీ పుస్తకంలోని అంకెలతో లెక్క వేయండి. నా లెక్క ఇది. పది పెట్టలు, తలా 38 గుడ్లు అనుకున్నా 380. వందకు అరవై పిల్లలైతే 228. అందులో ఎనిమిది వారాలకు వందకు ఎనభై మిగిలితే 182. దాణా, మందులు, కరెంటు మీ ఊరి ధరల్లో తీసేయండి. లాభం కనిపిస్తే అప్పుడు పెద్దగా ఆలోచించండి. జాతీయ పశుసంపద మిషన్ కింద గ్రామీణ కోళ్ల యూనిట్లకు 50 శాతం, గరిష్ఠంగా 25 లక్షల రాయితీ ఉంది. అయితే అది వెయ్యి తల్లికోళ్లు, హేచరీ ఉన్న యూనిట్ల కోసం పెట్టింది. అనుభవం లేకుండా అక్కడినుంచి మొదలుపెట్టకూడదు.

తిరిగి కొంటామని చెప్పే ఎవరినైనా ఒక్క ప్రశ్న అడగండి: "కొన్న గుడ్లు మీరు ఎవరికి అమ్ముతున్నారు?" సూటిగా జవాబు రాకపోతే, వాళ్ల వ్యాపారం గుడ్లు కాదు. మీలాంటి కొత్తవాళ్లకు పిల్లల్ని, దాణాను అమ్మడమే వాళ్ల వ్యాపారం.

మా జూనియర్ ఆ ప్రశ్న అడిగాడు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదట, తర్వాత "ఆఫర్ ఈ వారమే" అని మెసేజ్ వచ్చిందట. వాళ్ల నాన్న అప్పు తేలేదు. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి పది గుడ్లు, నాయనమ్మ చెప్పిన జాగ్రత్తలు పట్టుకెళ్లాడు. వెళ్తూ "అన్నా, నీ కోడ్ పంపిస్తావా?" అన్నాడు. పంపిస్తా, ముందు థర్మామీటర్ కొనుక్కోమన్నా.