నల్లజాతి చిత్రకారులు - నైరూప్య కళ

చిత్రమనగానే అందులో మనిషో, చెట్టో, కొండో కనిపించాలని ఆశిస్తాము. అట్టి రూపమేదీ లేక రంగులూ రేఖలూ మాత్రమే ఉన్న పటం ఎదురైనపుడు "ఇందులో ఏమున్నది?" అని అడుగుతాము. నైరూప్య చిత్రకళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అయితే అమెరికాలోని నల్లజాతి చిత్రకారులకు మరింత కఠినమైన ప్రశ్న ఎదురైనది: "నీ జాతి ఇన్ని బాధలు పడుతుండగా నీవు రంగులతో ఆడుకొంటున్నావా?"

ఈ ప్రశ్న వేసినవారిలో ఆత్మీయులు కూడా ఉన్నారు. 1960వ దశకంలో పౌరహక్కుల ఉద్యమం ఉద్ధృతంగా సాగిన కాలాన, కళ ప్రజలకు సూటిగా అర్థం కావాలనీ, పోరాటానికి ఆయుధం కావాలనీ నల్లజాతి మేధావులు పలువురు వాదించారు. ఆ వాదంలో న్యాయం లేదని మేము అనము. కొరడా దెబ్బలు తిన్న వీపును చూపే చిత్రం చేసే మేలు చిన్నది కాదు. కాని నల్లవాడు కుంచె పట్టితే అదొక్కటే చిత్రించాలని శాసించినపుడు, ఆ శాసనం మరొక సంకెల అవుతుందని మా అభిప్రాయం.

నార్మన్ లూయిస్ (1909-1979) న్యూయార్కులోని హార్లెంలో జన్మించారు. 1930వ దశకంలో పేదల బ్రతుకులనే చిత్రించారు. చిత్రాలతో సమాజపు దుస్థితి మారదని భావించి, 1940వ దశకంలో నైరూప్య మార్గం పట్టారు. పోరాటాన్ని మాత్రం విడువలేదు. 1963లో రొమేర్ బేర్డన్ మొదలైనవారితో కలిసి 'స్పైరల్' అనే చిత్రకారుల సంఘాన్ని స్థాపించారు. లూయిస్ 1962లో చిత్రించిన 'ఈవినింగ్ రాండెవూ'లో మొదట కనిపించేవి పొగవంటి నీలి వర్ణం, తెల్లని మచ్చలు, కొంత ఎరుపు. కొంతసేపు నిలిచి చూస్తే ఆ మచ్చలు ముసుగులు ధరించి మంట చుట్టూ గుమిగూడిన కూ క్లక్స్ క్లాన్ దుండగులుగా స్ఫురిస్తాయి. ఎరుపు, తెలుపు, నీలం అమెరికా జాతీయ పతాకపు రంగులే. ఇంతకు మించిన రాజకీయ విమర్శ ఏ నినాదంలో ఉన్నది?

1968 ఏప్రిల్ 4న మెంఫిస్ నగరంలో మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురైనారు. మరుసటి సంవత్సరం సామ్ గిలియం (1933-2022) ఆ తేదీనే పేరుగా పెట్టి 'ఏప్రిల్ 4' అనే పెద్ద పటాన్ని రూపొందించారు. పలుచని రంగులను గుడ్డపై పోసి, తడి ఆరకముందే మడిచిపెట్టడం ఆయన పద్ధతి. ఊదా వర్ణంపై ఎర్రని మరకలు వ్యాపించిన ఆ పటంలో కింగ్ ముఖం లేదు, తుపాకి లేదు. అయినా ఆ పేరు చదివి మరల చూచినవారికి మరక మరకగా ఉండదు. మాటలు లేని రాగాలాపనలో శోకాన్ని పోల్చుకొనగల మనకు ఇది వింత కాకూడదు.

శోకమొక్కటే వారి సొత్తు కూడా కాదు. ఆల్మా థామస్ (1891-1978) వాషింగ్టన్‌లోని ఒక పాఠశాలలో 35 సంవత్సరాలు చిత్రలేఖనం బోధించి 1960లో పదవీ విరమణ చేశారు. 1963 నాటి వాషింగ్టన్ మహా ప్రదర్శనలో పాల్గొన్నారు. మరుసటి సంవత్సరం దానినే చిత్రించారు. ఆ పిమ్మట పూలతోటలనూ ఆకాశాన్నీ చిన్న చిన్న రంగు పలకలుగా చిత్రిస్తూ, ఆనందాన్నే తన విషయంగా ఎంచుకొన్నారు. 1972లో, తన 80వ ఏట, న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో ఏకవ్యక్తి ప్రదర్శన పొందిన తొలి నల్లజాతి మహిళ అయినారు. బాధను మాత్రమే ఆశించే లోకం ఎదుట ఆనందాన్ని నిలబెట్టడానికి కూడా ధైర్యం కావాలి.

సంఖ్యలో తక్కువైనవారు ఎపుడు నోరు విప్పినా తమ గాయాన్ని గురించే చెప్పాలని సమాజం ఎదురుచూస్తుంది. గాయాన్ని చెప్పే హక్కు వారికున్నది. సూర్యోదయాన్ని గురించి చెప్పే హక్కు కూడా అంతే ఉన్నది. ఏది చెప్పాలో, ఏ రూపంలో చెప్పాలో, అసలు రూపమే లేకుండా చెప్పాలో నిర్ణయించుకొనే అధికారం చిత్రకారునిదే. ఆ అధికారాన్ని గుర్తించని స్వాతంత్ర్యం సగం స్వాతంత్ర్యమేనని మేము విశ్వసిస్తున్నాము. కనుక ఇకపై అట్టి పటం ఎదురైనపుడు తొందరపడి ముందుకు సాగక, దాని ఎదుట కొంతసేపు నిలువవలసినదిగా మా విద్యార్థి మిత్రులను కోరుతున్నాము.