ఆలస్యము నేరమా?

స్వశక్తిపై బ్రతుకువానికి జరిమానా ఉత్తరువు వచ్చినంతనే అతడు చేయుచున్నదేమి? చేతులు జోడించి పైకము చెల్లించుట! ఈ దైన్యమును మేము సహింపజాలము.

2017 నాటి వస్తుసేవల పన్ను చట్టము ననుసరించి తెలుగు రాష్ట్రములలో సేవలపై జీవించువాని మొత్తము వ్యాపారము సాలుకు 20 లక్షల రూపాయలు దాటినచో, అతడు 30 దినములలో రిజిస్టరు కావలెను. కానిచో 122వ సెక్షను క్రింద 10,000 రూపాయలు గాని, ఎగవేసిన పన్నంత గాని, ఏది యధికమో అది జరిమానా. పన్ను చెల్లింపవలసినదే, అందు మాకు వివాదము లేదు. కాని తెలియక జాగు చేసినవానిని, తెలిసి వంచించినవానిని ఒకే గాటను కట్టుట న్యాయమా?

ఇట్టి ప్రశ్నకు సుప్రీముకోర్టు 1969లోనే ఉత్తరమిచ్చినది. ఒరిస్సా అమ్మకపు పన్ను చట్టము క్రింద రిజిస్టరు కానందుకు హిందుస్థాన్ స్టీల్ కంపెనీపై వేసిన జరిమానాను రద్దుచేయుచు, బుద్ధిపూర్వకమైన ధిక్కారము గాని కపటము గాని లేనిచోట జరిమానా సాధారణముగ తగదనియు, విధించు అధికారమున్నంత మాత్రమున విధించి తీరవలెనను నియమము లేదనియు చెప్పినది. అది పాత చట్టపు తీర్పని అధికారులు వాదింతురు గాక! చట్టము మారినంత మాత్రమున ధర్మము మారునా? సర్కారువారి కంపెనీకి దక్కిన న్యాయము తాపీమేస్త్రీకి దక్కరాదా?

ఉత్తరువు అందిన 3 మాసములలో అప్పీలు చేయవచ్చును. తగిన కారణమున్నచో మరియొక మాసము గడువు కలదు. తానై వచ్చి రిజిస్టరైన తేదీని, చెల్లించిన పన్ను రసీదులను, జాగునకు కారణమును రుజువులతో చూపవలెను.

అప్పీలు బిచ్చము గాదు, హక్కు. చదువెరిగిన సోదరులు పొరుగువానికి అప్పీలు వ్రాసియిచ్చుటయు దేశసేవయే.