మన అడవిలో దయ్యాలెక్కడివి?

యూట్యూబ్‌లో ఆదిలాబాద్ అడవి అని కొట్టి, జలపాతాలు, పులులు దాటి కొంచెం కిందికి పోండి. దయ్యాలు మొదలవుతయి. అర్ధరాత్రి ఘాట్ రోడ్డు, మూలమలుపు దగ్గర తెల్లచీర, పోయినోళ్ళు తిరిగిరాని గుట్ట, ఊరు ఊరంతా బాణామతి చేసే గూడెం. ఎర్ర అక్షరాల థంబ్‌నెయిల్, వెనక నక్క ఊళ. మాట్లాడేటాయన ఒక్కసారన్నా ఇటు దిక్కు వచ్చినట్టు ఉండడు, కానీ మన గూడేల గురించి మనకంటే ఎక్కువ తెలిసినట్టు చెప్తడు.

దయ్యాల కథల మీద నాకేం కోపం లేదు. చలికాలం నెగడి చుట్టూ కూర్చొని అవ్వ చెప్తుంటే విని, ఆ రాత్రి బయటికి పోవాలంటే అన్నను లేపిన పిల్లలమే మనమంతా. కథ కథే. నా గొడవ వేరే. వీడని మిస్టరీలు, పాత క్రైమ్ స్టోరీలు కావాలని ఈ అడవిని వెతికేవాళ్ళకు ఇక్కడ నిజంగా వీడని కేసులు మాత్రం కనబడవు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో అన్నిటికంటే పెద్ద కేసు ఏ చీకట్లోనో జరగలేదు. పట్టపగలు, అంగట్ల, వేలమంది మధ్య జరిగింది. అందులో ఎంతమంది చనిపోయారన్నది ఈ రోజుకూ తేలలేదు.

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లి అంగడి రోజు. గిరిజన రైతు కూలీ సంఘం ఆ రోజే సభ పెట్టుకున్నది. అడిగినవి కొత్త విషయాలేం కావు. దున్నుకుంటున్న భూములకు పట్టాలు కావాలన్నారు. షావుకార్ల అప్పులు, తూకంలో మోసం, మన భూముల్లోకి వచ్చి పాతుకుపోయినవాళ్ళు, వీటి సంగతి తేల్చమన్నారు. సభకు అనుమతి లేదని పోలీసులు చెప్పారు. ఆ మాట గుట్టల మీద ఉన్న గూడేలకు ఎట్ల చేరుతది? చేతిల ఫోన్లున్న కాలం కాదు. దూరం నుంచి నడిచి రావాల్సినోళ్ళు అప్పటికే బయల్దేరి ఉన్నారు. సభకు వచ్చినోళ్ళు, ఉప్పూ నూనే కొనుక్కోవడానికి వచ్చినోళ్ళు అందరూ ఒకే తొవ్వ మీద ఉన్నారు. వాళ్ళ మీద కాల్పులు జరిగాయి.

సర్కారు లెక్క 13 మంది. అరవై దాటిందని వేరే లెక్కలు వచ్చాయి. వందకు పైనే అని మన పెద్దోళ్ళు అంటారు. కూడికలో పొరపాటు జరిగితే ఒకటో రెండో తేడా వస్తది. 13కూ వందకూ నడుమ ఉన్నది ఒక ఊరంత జనం. వాళ్ళు ఏ కాగితంలోనూ లేరు. తూటా తగిలి అడవిలోకి ఉరికి అక్కడే ప్రాణం విడిచినోళ్ళు ఉన్నారని, కేసులైతయని భయపడి ఇంటోళ్ళు చప్పుడు చేయకుండా దుఃఖం మింగుకున్నరని ఆ తరం చెప్తది.

క్రైమ్ స్టోరీ చెప్పేవాడు ఎవడైనా మొదట ఏం అడగాలి? చనిపోయింది ఎవరు? శవం ఏమైంది? చంపమన్నది ఎవరు? ఇంద్రవెల్లి విషయంలో ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ పూర్తి జవాబు లేదు. కాల్చినందుకు ఎవరికీ శిక్ష పడలేదు. ఇంతకంటే పెద్ద 'వీడని మిస్టరీ' ఏముంటది? దీని మీద వీడియో ఎందుకు చేయరంటే ఇందులో తెల్లచీర లేదు, ఖాకీ ఉన్నది.

స్తూపం సంగతి కూడా వినండి. అమరుల గుర్తుగా 1983లో ఇంద్రవెల్లిలో స్తూపం కట్టుకున్నారు. 1986లో దాన్ని కూల్చేశారు. కూల్చిందెవరంటే గుర్తు తెలియని వ్యక్తులు. మన దగ్గర ఈ గుర్తు తెలియని వ్యక్తులు చేసిన పనులన్నీ ఒక పుస్తకం రాస్తే ఏ దయ్యాల పుస్తకమూ దాని ముందు నిలవదు. తర్వాత ఐటీడీఏ ద్వారా సర్కారే మళ్ళీ కట్టించింది. కట్టించిన చోటికి మనల్ని రానిచ్చిందా? ఏళ్ళ తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే 144 సెక్షన్, తొవ్వల మీద పికెట్లు. తమ్ముడు పడిపోయిన చోట పువ్వు పెట్టడానికి అక్కకు పర్మిషన్ కావాలి. తెలంగాణ వచ్చినాక మెల్లగా కొంత సడలింది. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా వచ్చి స్తూపం దగ్గర నివాళి అర్పించారు, స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. మంచిదే, కాదనను. చెట్లు వస్తయి, బెంచీలు వస్తయి. కానీ స్మృతివనంలో గోడ మీద పేర్లు చెక్కాలంటే పేర్ల లిస్టు కావాలి. 13 పేర్లు చెక్కి రంగు వేస్తే, మిగతావాళ్ళు ఈసారి రాయి మీద కూడా లేకుండా పోతారు. ముందు లెక్క తేల్చాలని ఇప్పుడు అడగకపోతే గోడ కట్టినాక అడిగి లాభం లేదు.

చనిపోయినోళ్ళంటే నిజంగా భయపడింది ఎవరో తెలియాలంటే జోడేఘాట్ పోవాలి. 1940లో నిజాం పోలీసులు కుమ్రం భీంను అక్కడ కాల్చి చంపారు. ఆయనకు మంత్రాలు వచ్చునని, చచ్చినా లేచి వస్తడని భయపడి, పడిపోయిన మనిషి మీద మళ్ళీ మళ్ళీ కాల్చి, శవాన్ని అక్కడికక్కడే తగలబెట్టారని చెప్పుకుంటారు. తుపాకులున్నది వాళ్ళ దగ్గర, దయ్యం భయమూ వాళ్ళకే!

ఆ చావు తేదీ కూడా ఒక మిస్టరీయే. ఒక పుస్తకంలో సెప్టెంబర్ 1 అని ఉంటది, ఇంకోదాంట్లో అక్టోబర్ 8, మరోదాంట్లో అక్టోబర్ 27. పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్ళు ఏది టిక్కు పెట్టాలో తెలియక తల పట్టుకుంటారు. మన పెద్దోళ్ళకు ఈ ఇబ్బంది లేదు. ఆశ్వయుజ పున్నమి నాడు జోడేఘాట్ పోతారు, అంతే. అప్పటి కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో, ఏం రాసుకున్నారో, తేదీ మాత్రం మన దగ్గర చంద్రుణ్ణి పట్టుకొని నిలబడింది. నేడు ఆ పున్నమికి సర్కారు కూడా అక్కడికి వస్తున్నది. నోటి మాటను నమ్మలేమని ఎవరన్నా అంటే ఇది గుర్తుచేయండి. కానీ భీంతో పాటు పడిపోయినోళ్ళ పేర్లు అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం? నోటి మాట అక్కడ తెగిపోయింది.

నిర్మల్‌లో ఇంకా ఘోరం. 1860లో రాంజీ గోండును, ఆయన వెంట పోరాడినోళ్ళను ఒకే మర్రిచెట్టుకు ఉరి తీశారు. వెయ్యి మందిని అంటారు, అందుకే అది వెయ్యి ఉరుల మర్రి. తెలుగు కథల్లో పాత మర్రి కనబడితే చాలు దయ్యాల మర్రి అంటారు. ఈ మర్రి కింద తిరిగేవి దయ్యాలైతే వాటికి పేర్లుండాలి కదా? వెయ్యి మందిలో మనకు మిగిలింది ఒక్క పేరు. ఆ చెట్టు కూడా ఇప్పుడు లేదు.

మా గోండుల్లో చనిపోయిన మనిషి దయ్యం కాడు, సనాల్ అవుతడు. కర్మ చేసి, అతన్ని పెర్సాపేన్ దగ్గరికి, ముందుపోయిన పెద్దల దగ్గరికి చేరుస్తరు. పండుగ నాడు ప్రధాన్ కీక్రి వాయించుకుంటూ వంశం కథ చెప్తుంటే ముందటి తరాలన్నీ అక్కడ కూర్చున్నట్టే ఉంటది. చనిపోయినోళ్ళు మనతోనే ఉంటారు, మన మంచిచెడ్డలు చూస్తారు. వాళ్ళను చూసి భయపడి పరుగెత్తడం ఏమిటి? అట్లని మన గూడేల్లో చెడ్డ గాలి, దిష్టి, సోకు అనే నమ్మకాలు లేవని చెప్పను, ఉన్నయి. కానీ గుట్ట దిగిన ప్రతి చావునూ పట్టుకొని హారర్ మ్యూజిక్ వేసి అమ్ముకోవడం మన పద్ధతి కాదు. 1981లో కొడుకు శవం చూడని తల్లి ఆ కొడుకును ఏ పేన్ దగ్గర చేర్చాలి? ఇంద్రవెల్లి లెక్క కోసం నేను ఇంత పట్టుబట్టేది కోర్టు కోసమొక్కటే కాదు.

ఇక మనకు నచ్చని మాట ఒకటి. డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్‌లో మా దిక్కు పేరు చెప్పగానే "మీ దగ్గర బాణామతి చేస్తరట కదా, నువ్వు కూడా నేర్చుకున్నవా" అని నవ్వేవాళ్ళు. చేతుల్లోని ఫోన్లలో చూసిందే వాళ్ళు అడిగేది. అప్పుడు కోపం వచ్చేది. కానీ అదే వీడియోలు ఇప్పుడు మన గూడేల్లోనే, సిగ్నల్ దొరికే బండ మీద కూర్చొని, మన పిల్లలే చూస్తున్నారు. బయటివాడు చూస్తే అది టైంపాస్. మన గూడెంలో అయితే ఆ కథలో 'మంత్రగాడి' పాత్రకు ఒక మనిషి రెడీగా ఉంటడు. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలాయన. పిల్లలు లేని విధవ. భూమి తగాదాలో అడ్డుగా ఉన్న పెద్దనాన్న.

అది ఎట్ల మొదలైతదో మనకు తెలియనిది కాదు. వానకాలం జ్వరాలు వస్తయి. వాగు పొంగితే అంబులెన్స్ రాదు. వారంలో ఒకే ఇంట్లో ఇద్దరు పోతారు. మలేరియానా, టైఫాయిడా, రక్తం లేకనా అని చెప్పే డాక్టర్ లేడు. కారణం చెప్పేవాడు లేని చోట సోది చెప్పేవాడు ఉంటడు. "ఎవరో చేసిన్రు" అంటడు, పేరు చెప్పడు, దిక్కు చెప్తడు. తూర్పు దిక్కు ఇల్లు ఎవరిదో ఊరందరికీ తెలుసు. తర్వాత జరిగేది పేపర్లో నాలుగు లైన్లు: మంత్రాల నెపంతో వృద్ధుడి హత్య. మూఢనమ్మకం అని రాసి వదిలేస్తారు. ఆ ఇంట్లో ఇద్దరు ఏ జ్వరంతో పోయారని, ఆ ముసలాయన భూమి ఇప్పుడు ఎవరు దున్నుతున్నారని ఎవరూ అడగరు. అందులో చాలాసార్లు చంపిందీ మనవాళ్ళే, చచ్చిందీ మనవాళ్ళే. సర్కారును అడిగే నోటితోనే దీన్ని కూడా అడగాలి. ఇక్కడ మాత్రం గుర్తు తెలియని వ్యక్తులు అనడానికి వీల్లేదు. అందరూ గుర్తు తెలిసినవాళ్ళే.

పెన్‌గంగ అవతల మహారాష్ట్రలో 2013 నుంచి చేతబడి వ్యతిరేక చట్టం ఉన్నది. నరేంద్ర దభోల్కర్ దానికోసం ఏళ్ళకేళ్ళు కొట్లాడితే, పుణెలో ఆయన్ను కాల్చి చంపినాక గాని రాలేదు. జార్ఖండ్‌లో 2001లో, ఛత్తీస్‌గఢ్‌లో 2005లో, ఒడిశాలో 2013లో ఇట్లాంటి చట్టాలు వచ్చాయి. పెన్‌గంగ ఇవతల మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు. మనిషి చచ్చినాక హత్య కేసు పెడతారు. కానీ మంత్రగాడని పేరు పెట్టిన రోజు, బాయి దగ్గర నీళ్ళు తోడుకోనివ్వని రోజు, పళ్ళు ఊడగొట్టిన రోజు ఆ మనిషి ఎవరి దగ్గరికి పోవాలి? నదికి రెండు దిక్కులా ఉన్నది ఒకే గోండులు, ఒకే ఇంటిపేర్లు, పిల్లనిచ్చి పుచ్చుకునే చుట్టాలు. ఒక దిక్కు చట్టం ఉండి ఇంకో దిక్కు లేకపోవడం ఏమిటి? ఒక్క చట్టంతో అయిపోతదని నేను అనడం లేదు. చట్టంతో పాటు వానకాలంలో గూడెం దాకా వచ్చే డాక్టర్ కావాలి, జ్వరం వచ్చిన నాడే రక్తపరీక్ష కావాలి. మన ఎమ్మెల్యేలు ఓట్లకు వచ్చినప్పుడు రోడ్డుతో పాటు ఇదీ అడగండి.

ఇంద్రవెల్లి సంగతికి వస్తే, అప్పుడు ఇరవై ఏళ్ళున్నోళ్ళకు ఇప్పుడు అరవై దాటినయి. అప్పటికే నడివయసున్నోళ్ళు చాలామంది పోయారు. సర్కారు దగ్గర ఉన్న లిస్టు, పోస్టుమార్టం కాగితాలు, కేసు రికార్డులు అడుగుతూ సమాచార హక్కు చట్టం కింద కలెక్టరాఫీసుకు, పోలీసు శాఖకు దరఖాస్తులు పెడదాం. ఇవ్వమంటే ఎందుకు ఇవ్వరో రాతలో చెప్పమందాం. కానీ ఆ కాగితం వచ్చేదాకా ఆగొద్దు. ఎవరి గూడెం నుంచి ఆ రోజు ఎవరు పోయారు, ఎవరు తిరిగి రాలేదు అన్నది గూడెం గూడెంగా మనమే రాసుకోవాలి. ఉట్నూర్, ఇంద్రవెల్లి, నార్నూర్, జైనూర్, సిర్పూర్, కెరమెరి, ఏ మండలం వాళ్ళు ఆ మండలం. డిగ్రీ చదివినోళ్ళు ఇద్దరు, గోండి బాగా వచ్చిన ఒక పెద్దమనిషి, ఒక నోటుబుక్కు చాలు.

పేరు, ఇంటిపేరు, ఊరు, అప్పటి వయసు, ఎవరితో కలిసి బయల్దేరారు, చివరగా ఎవరు చూశారు, కర్మ చేశారా లేదా. చెప్పినోళ్ళ పేరు, చెప్పిన తేదీ కింద రాయండి. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటే రెండూ రాయండి, కొట్టేయొద్దు. లెక్క పెద్దగా కనబడాలని ఒక్క పేరు కూడా ఎక్కువ రాయొద్దు, రేపు ఆ ఒక్కదాన్ని పట్టుకొని మొత్తం అబద్ధం అంటారు. ఆ వీడియోలు రీల్స్‌లో పెట్టొద్దు, వెనక మ్యూజిక్ అసలే వద్దు. ఫోన్ ఆన్ చేసే ముందు అవ్వను అడగండి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకొని, ఆమె చెప్పినంత సేపు కూర్చొని వినండి, ఇంటికి వచ్చినాక రాసుకోండి.