అన్ని చోట్లా ఆడేవాడి విలువ ఎంత?

మా హాస్టల్లో సాఫ్ట్‌బాల్ ఆడేవాళ్లం రాత్రిపూట ఒక ఫోన్ చుట్టూ చేరి అమెరికా బేస్‌బాల్ చూస్తుంటాం. అక్కడ పుట్టిందే ఈ వాదన. ఎక్కడ నిలబెట్టినా ఆడేవాడు ఒక్క చోటే ఆడేవాడికన్నా విలువైనోడా?

జట్టుకైతే కచ్చితంగా విలువైనోడే. మేజర్ లీగ్ జట్టులో 26 మంది ఉంటారు. అందులో 13 మంది దాకా పిచర్లే. మిగతా 13 మందిలో తొమ్మిది మంది ఆటలో ఉంటే బెంచీ మీద నలుగురు. వాళ్లలో ఒకడు మామూలుగా రెండో క్యాచర్. ఇక మిగిలింది ముగ్గురు. ఆ ముగ్గురే ఇన్‌ఫీల్డ్‌కీ ఔట్‌ఫీల్డ్‌కీ సరిపోవాలి. పైగా ఒకసారి బయటికొచ్చినోడు ఆ మ్యాచ్‌లో మళ్లీ దిగడానికి లేదు. అందుకే నాలుగు చోట్ల ఆడేవాడు దొరికితే మేనేజర్‌కి పండగే.

మరి ఆటగాడికి? ఇక్కడే మా మాట వేరు. బెన్ జోబ్రిస్ట్‌ని టాంపా బే రేస్ ఇన్‌ఫీల్డ్, ఔట్‌ఫీల్డ్ కలిపి ఏడు చోట్లా తిప్పింది. అందరూ ఆ ఏడు చోట్ల గురించే చెప్తారు. కానీ 2009లో అతను 27 హోమ్ రన్లు కొట్టాడు. 2016 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో, పదో ఇన్నింగ్స్‌లో కబ్స్‌ని ముందుకు తెచ్చిన దెబ్బ కూడా అతని బ్యాటుదే. ఆ బ్యాటే లేకపోతే ఏడు చోట్లా నిలబడ్డోడి పేరు మనదాకా వచ్చేదా?

మూకీ బెట్స్‌కి డాడ్జర్స్ 2020లో 12 ఏళ్లకు 36.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అప్పుడతను రైట్ ఫీల్డర్. షార్ట్‌స్టాప్‌లో రెగ్యులర్‌గా నిలబెట్టింది 2024లో. ముందు ఒక చోట రాజు, తర్వాతే అన్ని చోట్లా.

మనకి జరిగేది తలకిందులు. ప్రాక్టీసుకి పోతే "ఖాళీ ఉన్న చోట నిలబడు" అంటారు. సోమవారం థర్డ్ బేస్, బుధవారం లెఫ్ట్ ఫీల్డ్, క్యాచర్ రాకపోతే ఆ గ్లవ్ కూడా మనకే. జిల్లా సెలక్షన్‌లో "నీ పొజిషన్ ఏంటి?" అని అడిగితే మనోళ్లు నోరు తెరవరు. పక్కన టౌన్ పిల్లోడు "షార్ట్‌స్టాప్, సార్" అని టక్కున చెప్పేస్తాడు. చిన్నప్పట్నుంచి అదొక్కటే ఆడాడు మరి.

అందుకే ఈ సీజన్‌కి మేము పీడీ సార్‌ని ఒకటే అడిగాం: మొదటి రెండు నెలలు ఎవరి పొజిషన్ వాళ్లకి వదిలేయండి, బ్యాటింగ్ అందరికీ సమానంగా ఇవ్వండి, ఆ తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ తిప్పుకోండి. సార్ చూద్దాం అన్నారు. మీ హాస్టళ్లలో ఎలా ఉందో కింద రాయండి.