మార్కులు రాని పాటలు

పాటకి మార్కులేమిటి అనిపిస్తుంది ఒక్కోసారి. టీవీలో పిల్లల పాటల పోటీ చూస్తుంటాం కదా, ‘ఎలిమినేషన్’ అన్న మాట వినపడగానే పిల్లకంటే ముందు తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంటుంది. మరి ఒక దేశానికి దేశమే అర్ధశతాబ్దం పాటు పోటీకి వెళ్ళి ఓడిపోయి వస్తుంటే? పోర్చుగల్ సంగతి అదే.

యూరప్ టీవీ సంస్థలు కలిసి 1956 నుంచి నడుపుతున్న పోటీ యూరోవిజన్. దేశానికో పాట. మార్కులు వేసేది మిగతా దేశాలు. 1964లో మొదటిసారి వెళ్ళిన పోర్చుగల్‌కి వచ్చింది గుండుసున్నా. 1974లో మూడంటే మూడు మార్కులు, ఆఖరి స్థానం. అదీ మరో మూడు దేశాలతో కలిసి!

అయితే ఆ మూడు మార్కుల పాట ఏం చేసిందో చూడండి. పోటీ అయి మూడు వారాలు కూడా తిరగలేదు. ఏప్రిల్ 24 రాత్రి పదకొండు కావస్తుండగా లిస్బన్ రేడియోలో ఆ పాట వేశారు. నియంతృత్వం మీద తిరగబడాలని కాచుకుని ఉన్న సైనికులకి అది మొదటి సంకేతం. వీడ్కోలు చెప్పుకునే మామూలు ప్రేమ పాట, ఎవరికి అనుమానం వస్తుంది? అర్ధరాత్రి దాటాక ఇంకో స్టేషన్లో ఇంకో పాట, అది రెండో సంకేతం. మర్నాడు సాయంత్రానికల్లా 48 ఏళ్ళ నియంతృత్వం కూలిపోయింది. వీధుల్లో జనం సైనికుల తుపాకుల్లో కార్నేషన్ పూలు గుచ్చారు. ఆ ఏడు పోటీలో గెలిచింది అబ్బా బృందం. వాళ్ళ పాటా బాగుంటుంది, కాదనను.

సొంత భాషలోనే పాడాలన్న నిబంధన 1999లో పోయాక చాలా దేశాలు ఇంగ్లీషు బాట పట్టాయి. నలుగురికీ అర్థమైతే నాలుగు మార్కులొస్తాయని ఆశ. పోర్చుగల్ కూడా అప్పుడప్పుడూ ఇంగ్లీషు ముక్కలు కలిపింది గానీ, పూర్తి ఇంగ్లీషు పాట పంపింది 2021లోనే.

2017లో కీవ్ నగరానికి సాల్వడోర్ సోబ్రాల్ వెళ్ళాడు. గుండెజబ్బు మనిషి. పాట అచ్చంగా పోర్చుగీసులో. మాటలూ బాణీ అక్క లుయీసావే. అతను ముందుగా ప్రయాణం చేసే స్థితిలో లేకపోతే తొలి రిహార్సల్సులో అతని బదులు నిలబడి పాడింది కూడా ఆవిడే. మిగతావాళ్ళకి నృత్యాలూ, మంటలూ, మెరుపులూ. ఇతను ఒక్కడూ జనం మధ్యలో నిలబడి మెల్లగా పాడాడు. న్యాయనిర్ణేతలూ, ప్రేక్షకులూ ఇద్దరూ అతనికే మొదటి స్థానం ఇచ్చారు. మొత్తం 758 మార్కులు. 53 ఏళ్ళకి మొదటి గెలుపు!

గెలిచినవాళ్ళు మళ్ళీ పాడటం అక్కడ ఆనవాయితీ. అతను అక్కని వేదిక మీదకి పిలిచి ఇద్దరూ కలిసి పాడారు. అన్నదమ్ముల విజయాల వెనక అక్కచెల్లెళ్ళు చేసిన చాకిరీ ఎన్ని ఇళ్ళలో పైకొస్తుందంటారు? నాకు ఆ మార్కులకంటే ఆ పిలుపే ఎక్కువ నచ్చింది. ఆ డిసెంబరులోనే అతనికి గుండెమార్పిడి జరిగింది.

గెలిచిన దేశం కాబట్టి 2018లో పోటీ లిస్బన్లోనే పెట్టారు. ఆతిథ్యమిచ్చిన పోర్చుగల్‌కి ఫైనల్లో వచ్చింది 26వ స్థానం, అంటే మళ్ళీ ఆఖరిదే. ఆ పాట రాసింది ఇసౌరా అనే అమ్మాయి, చనిపోయిన తన అమ్మమ్మ కోసం. పాడిన క్లాడియా పక్కన తానూ నిలబడి గొంతు కలిపింది, అదీ పోర్చుగీసులోనే.