పోరు ముగిసింది, ఇక ఇంటికి పొమ్మన్నారు

1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటం విరమించాక, తుపాకీ పట్టిన ఆడవాళ్లలో చాలామందికి దక్కిన సలహా ఒక్కటే: ఇళ్లకు వెళ్లి సంసారాలు చూసుకోండి. అడవిలో కన్న బిడ్డను పరాయి చేతుల్లో పెట్టి దళంతో నడిచిన తల్లికీ అదే మాట. వాళ్లలో ఆరుట్ల కమలాదేవి 1952లోనే శాసనసభకు గెలిచారు, నిజమే. అలా వెళ్లినవాళ్లెందరు? మిగతావాళ్ల గొంతు వినడానికి హైదరాబాదులోని ‘స్త్రీశక్తి సంఘటన’ అనే మహిళా బృందం ఊరూరా తిరిగి, వాళ్లు చెప్పింది రికార్డు చేయాల్సి వచ్చింది. ఆ మాటలే ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంగా 1986లో అచ్చయ్యాయి. నన్నడిగితే ఆ పుస్తకం వేయడమూ ఉద్యమమే.

అండమాన్‌లోని రంగత్‌లో కూర్చుని ఈ పాత సంగతి ఎందుకంటారా? అండమాన్ 1942 మార్చి నుంచి 1945 అక్టోబరు దాకా జపాన్ సైన్యం కింద నలిగింది. సైనికుల కోసం ఈ దీవులకు తెచ్చిన పరాయి దేశపు స్త్రీల గురించి మనవాళ్లు గట్టిగా మాట్లాడుకున్నది తక్కువ. కొరియాలో అలాంటి బాధితురాలు కిమ్ హక్‌సున్ తన పేరుతో లోకం ముందుకొచ్చి సాక్ష్యం చెప్పేసరికి 1991 వచ్చింది. ఇక జపాన్ సైన్యం పోయాక, 1950ల్లో, దేశవిభజన తరిమిన తూర్పు బెంగాల్ కుటుంబాలు ఇక్కడ అడవి కొట్టి మడులు చేశాయి. ఆ కష్టంలో ఆడవాళ్ల వాటా ఎవరు రాశారు?

మీ ఇంట్లో, పొరుగింట్లో పెద్దావిడ ఉంటే అడగండి. చెప్పింది చెప్పినట్టే రాసి పంపండి. యాస దిద్దం.