కెప్టెన్సీ పోయాక కూడా కెప్టెనే

2024 ఆగస్టు 8న పారిస్‌లో స్పెయిన్ మీద 2-1తో గెలిచి మన హాకీ జట్టు కాంస్యం అందుకుంది. రెండు గోల్సూ కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ కొట్టినవే. అయినా ఆట ముగిశాక అతనే వెళ్లి గోల్‌కీపర్ శ్రీజేష్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. శ్రీజేష్‌కు అదే ఆఖరి మ్యాచ్. ఎనిమిదేళ్ల కిందట రియో ఒలింపిక్స్‌లో జట్టుకు కెప్టెన్ అతనే. అప్పుడు క్వార్టర్ ఫైనల్లో బెల్జియం చేతిలో 3-1తో ఓడి వట్టి చేతులతో తిరిగొచ్చారు. తను కెప్టెన్‌గా ఉన్నప్పుడు రాని ఒలింపిక్ పతకం, ఆ తర్వాత ఇంకొకరి కింద ఆడిన రెండు ఒలింపిక్స్‌లోనూ వచ్చింది. నేను అతని అభిమానిని అయింది సరిగ్గా ఇందుకే.

ఎర్నాకుళం దగ్గర కిళక్కంబలం అతని ఊరు. కేరళలో ఫుట్‌బాల్‌కు ఉన్న పిచ్చి హాకీకి లేదు. పరుగు పందేలలో, దూకడంలో పనికొస్తాడని తిరువనంతపురంలోని జి.వి. రాజా స్పోర్ట్స్ స్కూల్లో చేర్చుకుంటే, అక్కడ కోచ్‌లు కాళ్లకు ప్యాడ్లు కట్టి గోల్ ముందు నిలబెట్టారు. కిట్ కొనడానికి రైతు అయిన తండ్రి ఇంట్లో ఆవును అమ్మాడు. కేరళకు అంతకుముందు వచ్చిన ఒలింపిక్ పతకం ఒక్కటే: 1972 మ్యూనిక్‌లో కన్నూరు గోల్‌కీపర్ మాన్యుయెల్ ఫ్రెడరిక్ తెచ్చిన హాకీ కాంస్యం. రెండోది 2021లో టోక్యోలో శ్రీజేష్‌కు వచ్చేసరికి 49 ఏళ్లు పట్టింది.

శ్రీజేష్ కెప్టెన్సీ చిన్నదేమీ కాదు. 2016లో లండన్ ఛాంపియన్స్ ట్రోఫీలో భారత్‌కు మొదటిసారి రజతం తెచ్చింది అతని జట్టే. 2017లో అజ్లాన్‌షా కప్‌లో మోకాలు దెబ్బతిని నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. పగ్గాలు మన్‌ప్రీత్ సింగ్‌కు వెళ్లాయి. 2018లో మళ్లీ ఇతనికి వచ్చాయి. బ్రెడా ఛాంపియన్స్ ట్రోఫీలో ఇంకో రజతం, జకార్తా ఏషియాడ్‌లో కాంస్యం. ఆ ఏడాదే మళ్లీ మన్‌ప్రీత్‌కు వెళ్లిపోయాయి. అంత పేరున్న మనిషి దగ్గర నుంచి ఒకటికి రెండుసార్లు కెప్టెన్సీ తీసుకున్నా గోల్ ముందు నుంచి కదల్లేదు. కుర్చీ దిగినవాడు తన వర్గాన్ని వెంటేసుకుని పక్కకు జరగడం మన సంఘాల్లో, పార్టీల్లో, చివరికి కాలనీ గణేశ్ మండపాల కమిటీల్లో కూడా చూస్తుంటాం. శ్రీజేష్ మాత్రం తనకంటే నాలుగేళ్లు చిన్నవాడైన మన్‌ప్రీత్ కింద, ఆ తర్వాత ఇంకా చిన్నవాడైన హర్మన్‌ప్రీత్ కింద ఆడాడు.

గోల్‌కీపర్‌కు ఆట మొత్తం ఎదురుగా కనబడుతుంది. ముందు ఉన్నవాళ్లకు వీపు వెనక ఏం జరుగుతోందో తెలియదు. అందుకే కీపర్ నోరు మూతపడకూడదు. ఎడమ వైపు ఎవడు ఖాళీగా ఉన్నాడో, గోల్ ముందున్న 'డీ'లో ఎవరిని పట్టుకోవాలో పేరుపేరునా అరిచి చెప్తూనే ఉండాలి. శ్రీజేష్ ఆడిన పాత మ్యాచ్‌లో కామెంటరీ సద్దుమణిగినప్పుడు చెవి పెట్టి వినండి, ఆ గొంతు మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా వినిపిస్తుంది. చేతికి కెప్టెన్ పట్టీ లేదు గనక గొంతు తగ్గించుకుందామని అతను ఎప్పుడూ అనుకోలేదు.

టోక్యో కాంస్యం మ్యాచ్ 2021 ఆగస్టు 5 పొద్దున వచ్చింది. హైదరాబాద్ మాదన్నపేట మండీ పక్కనున్న చాయ్ హోటల్లో చూశాను. కూరగాయల ఆటోలు అడ్డదిడ్డంగా ఆగి ఉన్నాయి, హమాలీలు భుజాన తువ్వాళ్లతో టీవీ కింద నిలబడ్డారు. జర్మనీ 3-1తో ముందుంటే సగం మంది పనికి వెళ్లిపోయారు. మనవాళ్లు 5-4కు లాక్కొచ్చేసరికి హోటల్ మళ్లీ నిండింది. ఆట ముగియడానికి ఆరేడు సెకన్లుండగా జర్మనీకి పెనాల్టీ కార్నర్. "భాయ్, ఆవాజ్ బఢావ్" అని ఎవరో అరిచారు. బంతి వచ్చింది, శ్రీజేష్ ఆపాడు. 1980 మాస్కో స్వర్ణం తర్వాత 41 ఏళ్లకు హాకీలో మనకు ఒలింపిక్ పతకం. కాసేపటికి అతను గోల్‌పోస్ట్ మీదికెక్కి కూర్చున్నాడు. గల్లీ క్రికెట్ తప్ప ఇంకోటి ఎరగని పిల్లలు హాకీ కీపర్ పేరు అడిగి తెలుసుకోవడం నేను ఆ పొద్దునే చూశాను.

పారిస్ క్వార్టర్ ఫైనల్లో అమిత్ రోహిదాస్‌కు 17వ నిమిషంలో రెడ్ కార్డు పడింది. మిగతా ఆటంతా పదిమందే. బ్రిటన్ ఎన్ని దాడులు చేసినా 1-1 దగ్గర నిలబెట్టి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఆ జట్టును వెనక నుంచి కాచింది ఒక పాత కెప్టెనే.

మన నగరంలోనూ ఇలాంటి కెప్టెన్ ఉంది. క్రికెటర్ మిథాలీ రాజ్ 155 వన్డేలకు సారథ్యం వహించింది. 2005లోనూ 2017లోనూ జట్టును ప్రపంచకప్ ఫైనల్ దాకా తీసుకెళ్లింది. 2017లో లార్డ్స్‌లో తొమ్మిది పరుగుల తేడాతో కప్పు చేజారింది. 2022 జూన్ 8న కప్పు లేకుండానే ఆట వదిలింది. 2025 నవంబరు 2న హర్మన్‌ప్రీత్ కౌర్ జట్టు ప్రపంచకప్ గెలిచిన రాత్రి, ఆ అమ్మాయిలు కప్పు తెచ్చి మిథాలీ చేతిలో పెట్టారు. శ్రీజేష్‌ను ఎత్తుకున్నదీ ఒక హర్మన్‌ప్రీతే. ఈ ఇద్దరు మాజీ కెప్టెన్లనూ వాళ్ల తర్వాతివాళ్లు అంత ప్రేమగా తలచుకున్నారంటే, పదవిలో ఉండగా ఎలా మెలిగారో వేరే చెప్పక్కర్లేదు.

అయితే హాకీ నుంచి మన ఊరు నేర్చుకోవాల్సింది దండలూ సన్మానాలూ కాదు. శ్రీజేష్ దిగిపోయిన వారంలోనే అతని 16వ నంబరు జెర్సీని గౌరవార్థం పక్కన పెట్టడమే కాక, జూనియర్ జట్టును అతని చేతికి అప్పగించారు. అదే ఏడాది డిసెంబరులో మస్కట్‌లో ఆ కుర్రాళ్లు పాకిస్తాన్‌ను 5-3తో ఓడించి జూనియర్ ఆసియా కప్ గెలిచారు. మరుసటి డిసెంబరులో జూనియర్ ప్రపంచకప్ సెమీస్‌లో జర్మనీ 5-1తో చిత్తు చేసింది. తర్వాత కాంస్యం మ్యాచ్‌లో అర్జెంటీనా మీద రెండు గోల్స్ వెనకబడి కూడా, చివరి క్వార్టర్‌లో నాలుగు కొట్టి గెలిచారు. అనుభవం ఇంటికి వెళ్లి పడుకోకుండా వెంటనే పిల్లల మధ్యకు చేరింది.

హైదరాబాద్‌కు హాకీ కొత్త కాదు. ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ ఆడాడు, 1998 బ్యాంకాక్ ఏషియాడ్ స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ ఇక్కడే జరిగింది, హైదరాబాద్ సుల్తాన్సే గెలిచింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2025 ఫిబ్రవరిలో, హైదరాబాద్ తూఫాన్స్ హాకీ ఇండియా లీగ్ ఫైనల్ ఆడింది. ఆడింది రూర్కెలాలో. మన ఊరి పేరు జెర్సీ మీద ఉంది, మన పిల్లలకు ఆ ఆటగాళ్లను దగ్గర నుంచి చూసే అదృష్టం మాత్రం లేకపోయింది. నాకు ఇది నిజంగా బాధ కలిగించింది.

మాదన్నపేట పిల్లవాడు గచ్చిబౌలి హాకీ స్టేడియానికి వెళ్లాలంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి. స్కూలు వదిలాక బస్సులు మారి వెళ్లి, ఆడి, చీకటి పడకముందే ఇల్లు చేరడం కుదరదు. అందుకని ఆటే ఇటు రావాలి. సైదాబాద్, సంతోష్‌నగర్, యాకుత్‌పురా బడుల్లో వారానికి రెండు సాయంత్రాలు, ఇరవై కర్రలు, ఒక కీపర్ కిట్, పక్కన నిలబడి పేరుపేరునా అరిచే ఒక పాత ఆటగాడు ఉంటే మొదలుపెట్టొచ్చు. టర్ఫ్ తర్వాత వేయొచ్చు. కిట్ ఖరీదు సర్కారో క్రీడా సంఘమో భరించాలి. ఇక్కడ ఏ తండ్రి దగ్గరా అమ్మడానికి ఆవు లేదు.